ముసుగు పిచ్చర్ ఆడిన ఎండకాలం

మా బాపుకు నత్తి. ఆషామాషీ నత్తి కాదు. 'మంచినీళ్లు' అనబోతే, నేను లేచి కుండలో చెంబు ముంచుకొచ్చి చేతిలో పెట్టేదాకా ఇంకా 'మం' దగ్గరే ఉండేవాడు. అటువంటి మనిషి చేసే పనేమిటయ్యా అంటే సినిమా ప్రచారం. లక్సెట్టిపేటలో రేకుల టాకీసు నడిపే కరుణాకర్‌రావు సాబ్ తెలివైనవాడు కాబట్టి మాటలన్నీ ఎవరి చేతనో టేపులో చెప్పించి పెట్టి, రిక్షా తొక్కడం, గోడలకు పోస్టర్లు అంటించడం మాత్రం బాపుకు అప్పజెప్పాడు. రిక్షాకు రెండు పక్కలా చెక్కలు, చెక్కల మీద బొమ్మలు, కాళ్ల దగ్గర బ్యాటరీ, పైన మైకు. సెలవుల్లో వెనక సీట్లో నేను. రంగు కాగితాలు పిల్లల మీదికి విసరడం నా కొలువు. ఊళ్లో నా అంత గొప్ప ఆడపిల్ల ఇంకొకతె లేదనుకునేదాన్ని.

అది ఎనభై నాలుగు ఎండకాలం. నాకు పన్నెండేళ్లు నిండాయి.

ఆ ఏప్రిల్‌లో వచ్చిన పిచ్చర్ పేరు ఇప్పుడు గుర్తు లేదు. ఊరంతా ముసుగు పిచ్చర్ అనే పిలిచింది. బొంబాయిలో తీసి తెలుగు మాటలు అతికించిన పిచ్చర్ అది. అందులో హీరో పగలు మామూలు మనిషి. ముసుగు తొడిగాడంటే పది అంతస్తుల మీది నుంచి దూకుతాడు, గుండు తగిలినా పడడు. చిన్నప్పుడు వాడి కళ్ల ముందే అమ్మానాన్నలను చంపుతారు. వాడు అల్మారాలో దాక్కొని బతికిపోతాడు. పెద్దయ్యాక ఆ చంపినవాళ్లను ఒక్కొక్కణ్నీ వెతికి పట్టుకుంటాడు. కథ ఇంతే.

రావుసాబ్‌కు ఉపాయం తట్టింది. సైకిల్ సీట్లకు వేసే నల్ల రెగ్జిన్‌తో తలంతా కప్పే ముసుగూ, గొడుగు గుడ్డతో మడమల దాకా వేలాడే పై గుడ్డా దర్జీ చేత కుట్టించి బాపుకు తొడిగించాడు. కళ్లకు రెండు బొక్కలు, నోటికి ఒక చీలిక, తల వెనక ముడి. బస్టాండు దగ్గర రిక్షా ఆగేసరికి వంద మంది పోగయ్యారు. సరిగ్గా అప్పుడే టేపు చుట్టుకుపోయి మైకు కుయ్యోమంది. జనం నవ్వుతున్నారు. నాకు ఏడుపొచ్చింది.

"మహాజనులారా! మీ లక్సెట్టిపేట పట్టణంలో, రోజూ మూడాటలు, దుర్మార్గుల గుండెలదరగొట్టే ముసుగు వీరుడు..."

టేపు బాగైందనుకున్నాను. కిందికి చూస్తే చుట్టుకుపోయిన రీలు అట్లాగే ఉంది. మైకు బాపు చేతిలో ఉంది. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగకుండా, ఎవరిదో కొత్త గొంతుతో, అంతా చెప్పేశాడు. నా ఒళ్లు జల్లుమంది. అది సంతోషమని ఆ రోజు అనుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే అవ్వ, అంటే మా అమ్మ, నమ్మలేదు. చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ, "గట్లనా? అయితె ఇంట్ల గూడ గా సంచి తలకాయకు తొడుక్కొమ్మను. పెండ్లయి పదిహేనేండ్లాయె, నీ నోట ఒక్క మాట సురువు సంది ఆఖరుదాంక వినలే," అని ఎగతాళి చేసింది.

బాపు ముసుగు తొడిగాడు. "యాదీ, నువ్వు చుట్టే బీడీ కన్న నువ్వే మంచిగుంటవ్," అని అవ్వను పేరుతో పిలిచి ఆగకుండా అన్నాడు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, చాటలో ఆకు అంతా ఒలికిపోయేటట్టు నవ్వింది. పక్కింటి బుద్దవ్వ గోడ మీది నుంచి తొంగి చూసి, తను కూడా నవ్వింది. మా ఇంట్లో ఆ ముసుగు అడుగుపెట్టింది అట్లా, నవ్వులతోనే.

*

మొదటి రోజు మొదటి ఆట నేను చూశాను. ఆపరేటర్ షరీఫ్ మామ నన్ను మిషను గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, గోడకున్న చిన్న కంతలోంచి చూపించేవాడు. అవ్వ ఆయన్ను అన్నా అని పిలిచేది కనుక ఆయన నాకు మామ.

ఆ పిచ్చర్‌లో ఒక ముక్క ఉంది. హీరో తన తల్లిదండ్రులను చంపినవాణ్ని చంపేసి ఇంటికొస్తాడు. ముసుగు తీయబోతాడు, చేతులు వణుకుతాయి, ముడి రాదు. కూర్చుంటాడు, లేస్తాడు. ఆఖరికి పోయి అల్మారా తలుపు తీసి, అంత పెద్ద మనిషి మోకాళ్లు మడుచుకొని అందులో దూరి, తన ఊపిరి చప్పుడు బయటికి వినిపించకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. పాట లేదు, మాట లేదు. నాలుగు నిమిషాలు అంతే.

నేల క్లాసు గొల్లుమంది. "అరేయ్, హీరో అల్మారల సొచ్చిండ్రోయ్!" అని ఈలలు వేశారు. ఎవడో పల్లీ పొట్లం తెర మీదికి విసిరాడు. ఆట అయ్యాక రావుసాబ్ పైకొచ్చి, "షరీఫ్, గా ఏడ్పు ముక్క పీకెయ్యి. జనం హీరోను చూడనీకి వస్తుండ్రు, పిరికోణ్ని కాదు," అన్నాడు. షరీఫ్ మామ ఆ ముక్క కత్తిరించి, రెండు కొసలు అతికించి, తీసిన రీలును చుట్ట చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. పిచ్చర్ డబ్బా వాపసు పోయే రోజున మళ్లీ అతికించి పంపాలి. అన్ని టాకీసుల్లోనూ చేసే పనే అది. జనానికి నచ్చనిది ఆపరేటర్ కత్తెరకే తెలిసేది.

బాపు ఎప్పుడూ సినిమాలు చూసేవాడు కాదు. రోజంతా రిక్షా తొక్కి వచ్చి నిద్రపోయేవాడు. ఈ పిచ్చర్ మాత్రం మూడో రోజు చూశాడు. నాలుగో రోజు చూశాడు. ఆ తర్వాత రోజూ చూశాడు. ఆయన చూసిన పిచ్చర్‌లో అల్మారా ముక్క లేదు. హీరో చంపేస్తాడు, గుడ్డ ఎగరేసుకుంటూ కొండ మీద నిలబడతాడు. అంతటితో శుభం.

తర్వాత్తర్వాత బాపు ముసుగు తీయడం తగ్గించాడు. చీలికలోంచే అన్నం తినేవాడు. అంబలి తాగితే రెగ్జిన్ మీదుగా కారి మెడకు అంటుకునేది. చెమటా రెగ్జినూ కలిసిన ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు. ఏదైనా అడిగితే నత్తి లేకుండా పిచ్చర్‌లోని మాటే జవాబుగా చెప్పేవాడు. అవ్వ, "ఇగ చాలుతియ్, నవ్వుడైపాయె, తీసెయ్యి," అంటే ఆయన రెండు బొక్కల్లోంచి ఆమెను చూసేవాడు. అవ్వ లేచి లోపలికి పోయేది.

ఒకరోజు కల్లు దుకాణం దగ్గర అంజన్న అనే హమాలీ తన పెండ్లాన్ని జుట్టు పట్టి ఈడుస్తున్నాడు. రిక్షా ఆగింది. బాపు దిగిపోయి, వాడి మెడ పట్టి గోడకు ఒత్తిపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. అంజన్న పెండ్లాన్ని వదిలేశాడు. కానీ బాపు వదల్లేదు. అంజన్న కాళ్లు నేల మీద కొట్టుకుంటున్నాయి, కళ్లు తేలేస్తున్నాడు. ఇప్పటిదాకా దెబ్బలు తిన్న ఆ ఆడమనిషే బాపు చేతులు పట్టి గుంజుతూ, "ఇడువు అన్నా, సచ్చిపోతడు, నీ కాల్మొక్త," అని ఏడుస్తోంది. ముగ్గురు మగవాళ్లు కలిసి లాగితేగాని ఆ చెయ్యి రాలేదు. నేను "బాపూ" అని అరిచాను. ఆ కళ్లు నా వైపు తిరిగాయి. నన్ను గుర్తుపట్టలేదు.

సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చొని నన్ను దగ్గరికి పిలిచాడు.

"నన్ను జూస్తె నీకు భయమైతదా?"

"లే బాపు," అన్నాను. ఆయనకు అదే ఇష్టమనుకున్నాను. అంటూనే ఒక అడుగు వెనక్కి వేశాను.

"భయం కావాలె," అన్నాడు ఆయన.

*

మే నెల మొదట్లో ఒక కబురొచ్చింది. మొర్రిగూడెం దొర లక్ష్మణ్‌రావు ఊరికి తిరిగొచ్చాడట. అన్నల, అంటే నక్సలైట్ల, భయానికి అయిదేళ్లుగా కరీంనగర్‌లో ఉంటున్న మనిషి, పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోతే, పోయేదేదో కోటలాంటి తన సొంత గడిలోనే పోతానని పట్టుబట్టి వచ్చాడట. బీడీ ఆకు ఇవ్వడానికొచ్చిన బుద్దవ్వ ఇదంతా అవ్వకు చెబుతుంటే బాపు గోడ నీడన కూర్చొని విన్నాడు.  మర్నాడు మిట్టమధ్యాహ్నం నేను వాకిట్లోకి వస్తే, నిప్పులు చెరిగే ఎండలో, ముసుగుతో, రాయి ముందు కూర్చొని జానెడు కత్తికి సాన పెడుతున్నాడు.

అవ్వ నన్ను లోపలికి గుంజి తలుపు దగ్గరగా వేసింది. అప్పుడు చెప్పింది. ఎద్దులు దొర చేనులో పడ్డాయని మా తాత పోశయ్యను గడిలోని పశువుల కొట్టం దగ్గర కట్టేసి కొట్టించారట. తాత నెల దాటకుండానే చనిపోయాడట.

"మీ బాపుకు పదేండ్లప్పుడు. గడ్డివాము ఎనుక నిలవడి అంత జూసిండట. గప్పటి సంది గిట్ల, మాట నోట్లనే ఆగుతది. ఈ ముచ్చట నాకు మీ నాయినమ్మ చెప్పింది. ఆయన ఒక్కనాడు చెప్పలే."

"ఇప్పుడు ఏం జేస్తడే?"

అవ్వ తలుపు తీసింది. బయటికి పోయి బాపు ముందు నిలబడింది. "ఇగో, ఒక్కటే చెప్తున్న. ముసుగేసుకోని తిరిగితెనే పోలీసోళ్లు అన్నలల్ల కలిసినవని గుంజుకపోతరు. దానికి తోడు కత్తి! ఈ కత్తి ఇల్లు దాటిందని నాకు తెలిస్తె బిడ్డను తీస్కోని మా అవ్వగారింటికి పోత. మల్ల రాను. జైలుకే పోతవో, సచ్చే పోతవో, నీ ఇష్టం."

"చీకటికి చుట్టాలుండరు," అన్నాడు బాపు. పిచ్చర్‌లో మాట. నేల క్లాసులో ఆ మాటకు ఈలలు పడేవి.

అవ్వ అంత గట్టి మనిషి, ఆ రోజు పొయ్యి ముందు కూర్చొని చాలాసేపు ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు ఏడుపు కంటే పెద్ద భయాలు పుట్టాయి. బాపు ఆ దొరను చంపుతాడనే భయం ఒకటి, ఆయన్ను ఎవరైనా చంపుతారనే భయం ఒకటి. ఈ రెంటి కింద ఇంకొకటుంది. ఆ ముసుగు కింద ఇప్పుడు బాపు లేడేమో అని. ఆ మూడోది అవ్వకు కూడా చెప్పలేదు.

అవ్వకు అల్మారా ముక్క సంగతి చెప్పింది నేనే. ఎందుకు చెప్పానో తెలియదు. అంత పెద్ద హీరో కూడా భయపడ్డాడే అని నాకు నేను చెప్పుకుంటున్నట్టు చెప్పాను. అవ్వ ముక్కు తుడుచుకొని లేచింది. కొంగు నెత్తి మీదికి లాక్కొని నన్ను తీసుకొని తిన్నగా మిషను గదికి పోయింది.

"షరీఫన్నా, గా కోసిన ముక్క ఉన్నదా?"

"ఉన్నది చెల్లె. డబ్బల భద్రంగ ఉన్నది. ఎందుకు?"

"ఆయనకు చూపెట్టాలె."

షరీఫ్ మామ బీడీ ఆర్పేశాడు. ఆయనకూ ఊళ్లో సంగతులు తెలుసు. "అరే చెల్లె, పబ్లిక్ నవ్విండ్రు, రావుసాబ్ కొయ్యమన్నడు, కోసిన. నాకైతె గా ముక్కనే మొత్తం పిచ్చర్ల మంచిగ అనిపించింది. నువ్వు ఫికర్ జెయ్యకు. రేపు మ్యాట్నీకి ముంగట తోలుకరా," అన్నాడు.

మర్నాడు పొద్దున పదకొండు గంటలకు, మిషను పరీక్ష చేయాలన్న సాకుతో షరీఫ్ మామ బాపును ఖాళీ హాల్లో ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. నేనూ అవ్వా వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాం. రేకుల్లోంచి వేడి దిగుతోంది. పైకప్పు బొక్కల్లోంచి పడ్డ ఎండ చుక్కలు తెర మీద హీరో భుజాల మీద, ముసుగు మీద ఆడుతున్నాయి. హీరో ముడి విప్పలేకపోయాడు. కూర్చున్నాడు, లేచాడు. అల్మారా తలుపు తీశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హాల్లో మిషను టకటక తప్ప ఇంకో చప్పుడు లేదు.

తెర తెల్లగా అయింది. బాపు తల తిప్పలేదు.

"మల్లొక్కసారి ఎయ్యి," అన్నాడు.

షరీఫ్ మామ వేశాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ వేశాడు. మూడోసారి అయ్యాక బాపు లేచి మా పక్క నుంచే బయటికి నడిచిపోయాడు. ముఖం కనిపించదు కదా, లోపల ఏమైందో ఎట్లా తెలుస్తుంది? అవ్వ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తిమ్మిరెక్కాయి.

*

మర్నాడు ఆదివారం. ప్రచారానికి ఏ ఊరు పోవాలో బాపే రావుసాబ్‌తో చెప్పాడు, మొర్రిగూడెం అని. ఆరు మైళ్లు. అవ్వ ఇల్లంతా వెతికింది, కత్తి దొరకలేదు. ఆయన నడుము తడిమి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది. నా జడలు బిగించి కడుతూ చెవిలో చెప్పింది.

"ఎంట పో. ఒక్క నిమిషం గూడ ఇడిసిపెట్టకు. నువ్వు పక్కనుంటె ఏం జెయ్యడు."

అట్లా నన్ను కాపలా పంపింది. పన్నెండేళ్ల పిల్లను పంపడం తప్పేనని చాలా ఏళ్ల తర్వాత అవ్వ ఒప్పుకుంది. ఆ రోజు ఆమెకు ఇంకో దారి తోచలేదు.

మూడు మైళ్లు దాటాక, బీడీల తునికాకు ఆరబెట్టే కల్లం దగ్గర కూలీలు కనిపిస్తే కాగితాలు విసురుదామని కట్ట ఎత్తాను. కింద కత్తి ఉంది.

కట్ట మళ్లీ దాని మీదికే దించేశాను. బాపు వీపు నా ముందే ఉంది, తొక్కుడుకు ఊగుతోంది. నల్ల గుడ్డ వేడిగాలికి లేచి నా ముఖానికి తగులుతోంది. దూకి పారిపోదామనిపించింది. కత్తిని దారి పక్క పొదల్లోకి విసిరేద్దామనుకున్నాను, కానీ రాయికి తగిలి చప్పుడైతే? చివరికి రెండు కాగితాలు చుట్టి, కత్తిని మెల్లగా జరిపి, దాని మీద కూర్చున్నాను. రిక్షా గుంతలో పడ్డప్పుడల్లా తొడ వెనక కత్తి మొన చురుక్కుమంది. పెదవి కొరికి పట్టుకున్నాను. ఇంకా మూడు మైళ్లుంది.

మొర్రిగూడెంలో బాపు మైకు వేయలేదు. పిల్లలు 'ముసుగోడు, ముసుగోడు' అంటూ వెంటపడ్డారు. గడి ముందు రిక్షా ఆపాడు. అరుగు మీద పడక కుర్చీలో ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. ఒక చెయ్యి ఒళ్లో చచ్చినట్టు పడి ఉంది. పక్కన పనిమనిషి విసనకర్రతో ఈగలు తోలుతోంది. వీడేనా ఆ దొర అనుకున్నాను. నేను పెద్ద మీసాలున్న మనిషిని ఊహించుకున్నాను.

బాపు దిగాడు. వెనక్కి వచ్చి కాగితాల కట్ట కింద చెయ్యి పెట్టాడు. వెతికాడు. కట్ట మొత్తం ఎత్తాడు. తర్వాత నా వైపు చూశాడు.

"లే," అన్నాడు.

నేను లేవలేదు.

"లే బిడ్డా."

"లేవను," అన్నాను. ఇంక దాచుకోవడం నా వల్ల కాలేదు. "లేవను బాపు. నాకు భయమైతంది."

"ఎ... ఎ... ఎవల జూసి?"

ముసుగు తొడిగాక ఆయన తడబడడం అదే మొదటిసారి. ఆ తడబాటు వినగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అది బాపు గొంతు. నెల రోజుల తర్వాత వింటున్నాను.

"నిన్ను జూసి."

బాపు అక్కడే నిలబడ్డాడు. నన్ను లాగి పడేయడం ఆయనకు క్షణం పని.  తర్వాత బాపు వట్టి చేతులతో వెనక్కి తిరిగి గడి మెట్ల దాకా నడిచాడు.

ముసుగును చూసి దొర కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయాడు. "ఎవ... ఎవల్రా? అన్నలోల్లా? నా దగ్గర ఏం లేదు. అన్నీ ఇచ్చేసిన," అన్నాడు. ఆయన మాట కూడా వంకరపోయింది, పక్షవాతానికి. నోటి పక్కన చొంగ కారుతోంది. పనిమనిషి విసనకర్ర పడేసి లోపలికి పరుగెత్తింది.

బాపు రెండు చేతులూ తల వెనక్కి పెట్టి ముడి విప్పాడు. ముసుగు ఊడొచ్చింది. లోపలి ముఖం పాలిపోయి, ముడతలు పడి, గడ్డం పెరిగి, నాకే కొత్తగా ఉంది.

"నే... నేను పో... పోశయ్య కొ... కొడుకును."

"ఏ పోశయ్య?"

"కొ... కొట్టం కాడ క... కట్టేసి కొ... కొ..."

మాట ఆగిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. మామూలుగా అయితే ఇట్లాంటప్పుడు మిగతా మాట నేనే పూర్తి చేసేదాన్ని, అవ్వ కూడా అంతే. ఆ రోజు నోరెత్తలేదు. అది ఆయనే అనాల్సిన మాట. గడి ముందు ముప్పై నలభై మంది పోగయ్యారు. ఒక్కరూ నవ్వలేదు.

"కొట్టి... కొట్టిచ్చినవ్. మా బా... బాపును. నేను గ... గడ్డివాము ఎ... ఎనుక ఉన్న. జూ... జూసిన. రా... రాలే. భ... భయమై రాలే."

ముసలాయన తల అటూ ఇటూ ఊపాడు. "యాది లేదురా. నాకేం యాది లేదు," అన్నాడు. అబద్ధమాడుతున్నట్టు లేదు. నిజంగానే గుర్తు లేదు.

"నా... నాకున్నది," అన్నాడు బాపు.

వచ్చి రిక్షా ఎక్కాడు. ముసుగు గడి మెట్ల మీదే పడి ఉంది. ఎవరూ దాన్ని తాకలేదు. ఊరు దాటాక, నా వైపు తిరగకుండానే చెయ్యి వెనక్కి చాపాడు. కాగితాలతో సహా కత్తి అందించాను. చూడకుండానే సీటు కింద పెట్టెలో పడేశాడు. ఆరు మైళ్లూ తొక్కుతూనే ఉన్నాడు. ఈసారి ఆ వీపును చూస్తే నాకు భయం వేయలేదు.

*

అవ్వ గడప మీద నిలబడి ఉంది. ముసుగు లేని ముఖం చూసి, ఆమె భుజాలు దిగిపోయాయి. అంతలో నేను రిక్షా దిగాను.

"అయ్యో నా తల్లీ!" అని కేక పెట్టింది అవ్వ.

లంగా వెనకంతా నెత్తురు. అవ్వ నన్ను ముట్టుకోకుండా, చేతులు చాపి, ఎవరూ దగ్గరికి రాకండని అరుస్తూ, ఒకేసారి నవ్వుతూ ఏడుస్తూ, "పెద్దమనిషైందే నా బిడ్డ, బుద్దవ్వా, చాప తేవే, పెద్దమనిషైంది," అంది.

కాదని చెప్పబోయాను. బాపు హ్యాండిల్ పట్టుకొని నన్నే చూస్తున్నాడు. చెబితే కత్తి సంగతి చెప్పాలి. కత్తి ఇల్లు దాటిందని తెలిస్తే అవ్వ ఏం చేస్తానందో నాకు గుర్తుంది. అవ్వ ఊరికే బెదిరించే మనిషి కాదు. నోరు మూసుకొని బుద్దవ్వ పరిచిన చాప మీద పోయి కూర్చున్నాను.

నన్ను మూల గదిలో కూర్చోబెట్టారు. అయిదు రోజులు ఎవరూ ముట్టుకోరు, మగవాళ్లు ముఖం చూడరు. వాకిట్లో ఆడవాళ్లు పాటలు పాడారు. బెల్లం, నువ్వులు పెట్టారు. లోపల నేను చిరిగిన గుడ్డపీలికతో కాలు కట్టుకొని, జ్వరంతో, సిగ్గుతో, భయంతో కూర్చున్నాను. ఇక అయిదో రోజు స్నానంలో గాయం చూసి అవ్వ చెంబు జారవిడిచి ఏమన్నదీ, బాపును ఏమి అడిగిందీ వేరే కథ. ఆమె ఎక్కడికీ పోలేదు, అది మాత్రం చెబుతాను.

మూడో రోజు పగలు ఆడవాళ్లంతా ఆకు తెచ్చుకోవడానికి పోయారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. తలుపు అవతల ఎవరో గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్న చప్పుడైంది. తర్వాత ఊపిరి చప్పుడు వినిపించింది.

"కా... కాయితాలకు నె... నెత్తురున్నది," అన్నాడు బాపు.

నేను కాలికి కట్టిన పీలికను చేత్తో కప్పుకున్నాను.

"నొ... నొ... నొప్పి..."

ఆగిపోయాడు. నేను ఆ మాట పూర్తి చేయలేదు, ఆగాను. వాకిట్లో కాకి ఒకటి అరిచి పోయింది.

"నొప్పున్నదా బిడ్డా?"

"ఉన్నది బాపు," అన్నాను. "మస్తు నొప్పున్నది."

తలుపు అవతల నుంచి ఏడుపు వినిపించింది. బాపు ఏడవడం నేను ఎన్నడూ వినలేదు. అందులో నత్తి లేదు.